‘ము’ కొట్టు తల్లీ

నెల్లిమర్ల మీసేవలో మూడో కుర్చీ నాది.
మధ్యాహ్నం, ఫ్యాను కూడా కునుకుతున్న వేళ,
ప్లాస్టిక్ సంచిలోంచి ఒక్కో కాగితమే తీసి
పేకముక్కలు పరిచినట్టు
నా బల్ల మీద పరిచాడాయన.

రేషన్ కార్డులో కర్రోతు దేముడు.
బ్యాంకు పుస్తకంలో కర్రోతు దేవుడు.
జూటు మిల్లు వాళ్లిచ్చిన పాత గుర్తింపు చీటీలో
‘దే’కీ ‘డు’కీ నడుమ
చెమటకి చెదిరిన సిరా మరక.
పింఛను ఆగి నాలుగు నెలలు.

“ఇద్దరూ ఒకరేనని రుజువు కావాలి తాతా”
అన్నాను.
అన్నాక నాకే నవ్వొచ్చింది.
ఆయన నవ్వలేదు.

దేముడు అని కొడితే
కంప్యూటరు కింద ఎర్రగీత గీస్తుంది.
ఆ గీత నాకు కొత్త కాదు.
ఆరో తరగతిలో పిరిడి మాస్టారు గీశారు:
“దివ్ అంటే వెలగడం. వెలిగేవాడు దేవుడు.
మీ ముకారం ఎక్కణ్ణించి ఊడిపడింది?
పదిసార్లు రాయి.”
పదిసార్లూ ‘వు’ రాశాను.
ఇంటికెళ్లి, గూట్లో దీపం ముట్టిస్తూ
‘ము’ అనే అన్నాను.

మా సన్యాసమ్మవ్వకి పళ్లు లేవు.
‘వు’ అనాలంటే
కింది పెదవి పైపళ్లని వెతుక్కోవాలి.
‘ము’కి పళ్లతో పని లేదు.
రెండు పెదాలు కలిస్తే చాలు,
ముద్ద అందుకున్నట్టు,
పసిగుడ్డు నుదురు తాకినట్టు.

వెలుగు సంగతి మాస్టారికి తెలుసు.
మాకు తెలిసిందల్లా
గేదె ఈనలేక మూలిగితే దేముడా,
తప్పిపోయిన గొర్రె దొరికితే దేముడిచ్చాడు,
అప్పు ఎగ్గొట్టినవాడికి దేముడున్నాడు.
తలుపు మూల చీపురంత
చేతికందే మాట.

“నీకీ పేరెవరు పెట్టారు తాతా?”
“మా యమ్మ.
నాకు ముందు ఇద్దరు పోనారు.
ఈడికి దేముడని పేరెడితే
సావు కూడా కేకెయ్యడానికి జంకుతాదని.”

జంకింది. డెబ్బై ఎనిమిదేళ్లు.
కానీ ఇంకొకరూ జంకారు,
ఆయన ఇంటిది, ఎర్నమ్మ.
పెనిమిటి పేరు పెదవి దాటకూడదు కదా!
నలభై ఆరేళ్లు ఆ మాటే అనలేదట.
పిడుగు పడి వీధంతా “దేముడా” అంటే
ఆవిడ ఒక్కతీ “ఓలమ్మో” అనేది.
రామతీర్థం మెట్లెక్కి, చేతులు జోడించి
“ఓ ఇంటాయన పేరుగలోడా,
సల్లగ సూడు” అని మొక్కేది.
వెనక నిలబడ్డవాళ్లు నవ్వితే
ఈయనకి సిగ్గేసేదట.
కొంచెం గర్వంగానూ ఉండేదట.

తరవాత చాలాసేపు
కాగితాల అంచులు సరిచేశాడు.

“ఆకరి రోజు, తెల్లారగట్ల.
కళ్లు మూసే ఉన్నాది.
దేముడా, అన్నాది.
నాను పక్కనే ఉన్నాను.
ఏటే, అన్నాను.
మరింకేటీ అననేదు.
నన్ను పిలిసినాదో
ఆణ్ణి పిలిసినాదో
ఎవుల్ని అడగాల తల్లీ?”

బయట ఎవరో టోకెన్ నంబరు గట్టిగా చదివారు.
ఆయనది కాదు.

“నాకైతే ‘ము’యే ఇనిపించినాది.
‘ము’ కొట్టు తల్లీ.”

కొట్టాను.
ఎర్రగీత పడింది. పడనీ.
‘దేవుడు అనబడు దేముడు,
ఇద్దరూ ఒక్కరే’ అని
నోటరీ కోసం ఒక ముక్క టైపు చేసి
చదివి వినిపించాను.
“అంతేనేటి” అన్నాడు,
ఒప్పుకున్నట్టూ, ఒప్పుకోనట్టూ.

వేలిముద్ర పడలేదు.
ముప్పై ఏళ్ల జనపనార
బొటనవేలి గీతల్ని నున్నగా తినేసింది.
తుడిచి పెట్టించాను. కాదంది.
నా చున్నీతో తుడిచాను. కాదంది.
ఐదోసారికి
మిషను పచ్చగా వెలిగింది.

రుసుం యాభై.
పదులే ఇచ్చాడు, ఐదు,
ఒక్కోటి లెక్కపెట్టి.

సంచి బల్ల మీదే వదిలేసి వెళ్లిపోతున్నాడు.
“దేముడు తాతా!” అని కేకేశాను.
గుమ్మంలో ఆగి
వెనక్కి తిరిగి
“ఏటి?” అన్నాడు.