సిరొంచల చూసినవి

వంతెన దాటితె ఫోన్ల గడియారం మారలే,
బోర్డులే మారినయి.
మరాఠీ బోర్డు కింద తెలుగుల చాయ్ అడిగితె
తెలుగులనే చక్కెర ఎక్కువేసిండు.

దొరల బంగ్లా చూసిన.
గబ్బిలాలు నన్ను చూసినయి.

పగటీలి రాకాసిబల్లి కాడికి.
పది రూపాల చీటీ చింపి
కాపలా ఉండే దుర్గం లస్మయ్య
సీసల నీళ్లు బండ మీద పోసిండు:
"ఇగ చూడుర్రి, తొడ బొక్క.
ఎరుక లేనప్పుడు మా అవ్వ
దీని మీదనే బట్టలుతికేది."

తడిసినంత మేర ఎర్రగ లేసింది,
ఆరినంక మళ్ల ఉత్త రాయి.

"దినాం ఎంతమంది వస్తరు?"
"నిన్నొక మేక."

అడుగున మిగిలిన నీళ్లు తను తాగలే.
తొవ్వ దిక్కు చూసి
మూత బిగించిండు.