రసీదు లేని పద్దు

మాసాబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ పక్క నా జిరాక్స్ దుకాణానికి
కరెంటు పోయి వచ్చినంక
నాలుగు పేజీల ఫారం మడిచి పట్టుకొని వచ్చిండు
మబ్రూక్ బిన్ ఫరజ్.
ఏసీ గార్డ్స్ గల్లీల మర్ఫా కొడతడు.
ఏసీ మిషన్లకు కాపలా ఉండే బస్తీ అనుకునేదాన్ని చిన్నప్పుడు.
వాళ్ల తాతలు నిజాం కాడ గుర్రాల మీద,
మనుమడు తిండి పొట్లాల బండి మీద.

"ముప్పై వేలు ఇస్తరట బేటీ,
చిన్న కళాకారులకు.
ఎంత చిన్నగుండాల్నో రాయలే."

మొదటి గడి: మీ కళారూపం.
బల్ల మీద రెండు వేళ్లు కొట్టి చూపిండు.
"డప్పు వంటిది" అని టైపు చేసిన.
"వంటిది కాదు. మర్ఫా."
కొట్టేసిన.

రెండో గడి: మీ వల్ల ఎంతమందికి లబ్ధి?
చాలసేపు ఫ్యాను దిక్కు చూసిండు.
"పెండ్లికొడుకు గుర్రం మా దెబ్బకే కదిలేది.
గుర్రాన్ని గూడ లెక్కేయాల్నా?"

మూడో గడి: పాత ప్రదర్శనల ఫొటో.
అక్కడ ఆగిపోయినం.
నలభై ఏండ్లు, టోలిచౌకి నుంచి చాంద్రాయణగుట్ట దాక
ప్రతి బారాత్‌ల మోగిండు గని
ఒక్క ఆల్బంల లేడు.
పూలదండ అంచు కాడికి కత్తిరిస్తరు ఫొటోలోళ్లు.
మూడు దినాలు తిరిగి మల్లేపల్లిల ఒకటి దొరికిచ్చుకున్నడు:
వరుని శేర్వానీ వెనక
ఒక మోచెయ్యి, గాల్లో థాపీ.
"నేనే. ఆ మచ్చ చూడు."

పాస్‌పోర్ట్ ఫొటో నేనే తీసిన.
అలవాటు పడ్డ చెయ్యి,
అందరి ముఖాలకు చేసినట్టే
మౌసు కుడికి జరిపింది:
రెండు పాయింట్లు తెలుపు.
స్క్రీన్ మీద ఎవరో తేలిండు.
ఆయన మెల్లగ వంగి చూసి
"వీనికి మర్ఫా రాదు బేటీ," అన్నడు.

పదమూడేండ్ల సంది ఈ ఊరి ముఖాల నుంచి
ఎన్ని పాయింట్లు దొంగిలించిన్నో.
మా అమ్మ ఫొటోకు గూడ,
దండ ఏసే ముందు.
వెనక్కి జరిపిన.

పైసలు జూన్‌ల వచ్చినయి.
మేకతోళ్లు రెండు, సొట్టబోయిన రాగికి మాటు,
గల్లీ పోరగాండ్లు నేర్చుకునేతందుకు ఐదు జతల థాపీలు,
ఆటో కిరాయి.
ఇయ్యాల మళ్ల వచ్చిండు, లెక్కలు పంపాలెనట,
రసీదులన్ని ఒక్క పిన్నుకు గుచ్చి.
పన్నెండు వందల ముప్పై తేలుతలేదు.

"తోలు కాగాలె గదా.
వాన పడ్డ దినాలు పాత పేపర్లు కొని కాలుస్త.
మంటకు రసీదు ఎవడిస్తడు?"

ఫారం అడుగున "ఇతరములు" అని ఒక గడి,
వేలెడంత.
అండ్ల ఏం రాయాల్నో నాకింక తోస్తలేదు.
బయట ముసురు.
ఆయన బెంచీ మీద కూసొని
బల్ల అంచుకు రెండు వేళ్లు ఆనిచ్చిండు.
ఆ దరువుకు మిషను
ఒక్కొక్క కాయితం బయటికి తోస్తున్నది,
వెచ్చగ.