ఏటి లెక్క

జులై ఒకటి, పొద్దున్న అయిదున్నర.
నన్నడక్కుండానే కాళ్లు చెప్పులు తొడుక్కున్నాయి.
టార్చిలైటు కోసం మేకు మీదకి చెయ్యెళ్లింది.
మేకుంది. టార్చి నిన్ననే అప్పగించేసాను,
గొడుగుతో, రిజిస్టరుతో, గది తాళంతో,
కింద సంతకం పెట్టి.

ముప్పయ్యారేళ్లు నాగావళిని చదివాను.
పాత వంతెన మూడో స్తంభం మీద
నలుపూ తెలుపూ గళ్ల కొలబద్ద.
నీళ్లు ఏ గడి దగ్గర ఆగాయో చూడటం,
రాయటం, ఫోనులో చెప్పటం.
అంతే నా ఉద్యోగం.
రాయగడ కొండల్లో వాన పడితే
ఇక్కడ నా నిద్రకి గండి పడేది.

శ్రావణమాసంలో నా పెళ్లి.
పీటల మీంచి లేచి ఏటికెళ్లిపోయాడని
అత్తారి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.
అబద్ధం. పీటల మీంచి కాదు, బంతిలోంచి,
ఆకులో పెరుగు పడ్డాక.

నేనాడిన అబద్ధం ఒక్కటే:
హుద్‌హుద్ మర్నాటి రాత్రి
రెండింటికి చూసాను, నాలుగింటికి చూసాను.
మూడింటికి కుర్చీలో తల వాలిపోయింది.
రెంటికీ నడుమ కుదిరేట్టు ఓ అంకె వేసాను.
ఎవరికీ ఏమీ కాలేదు.
ఆ అంకె మాత్రం ఎక్కడో దస్త్రాల్లో
నిజమై కూర్చుంది.
నేను రిటైరయ్యాను, అది అవలేదు.

నిన్న ఆఫీసులో శాలువా కప్పారు.
గోడగడియారం ఇచ్చారు,
గంటలు లెక్కపెట్టి అలిసినోడికి!
"మన లక్ష్మున్నాయుడు గారు నీటిమనిషి"
అన్నారు ఈఈ గారు. చప్పట్లు.
బూందీ పొట్లం విప్పుతూ తల దించుకున్నాను.
నాకు ఈత రాదు.

"ఇంకేటి?"
నెల్రోజులుగా అందరిదీ ఇదే ప్రశ్న.
పాలబూతు దగ్గర, ఏడురోడ్ల కూడలిలో,
పెన్షను కాయితాలిచ్చిన కిటికీ వెనక.
"ఇంకేటి, నాయుడు గారూ?"
మా వైపు ఏమిటి అనం, ఏటి అంటాం.
మనిషి ఏదడిగినా
అందులో ఓ ఏరు పారుతుంది.
ఇన్నేళ్లూ నాకు వినపడలేదు.

ఆరింటికి మెట్ల దగ్గరున్నాను.
కొత్త కుర్రాడు, టెక్కలి వాడు,
సెల్లులో స్తంభాన్ని ఫొటో తీసి
పంపించేసి వెళ్లిపోయాడు.
ఎంతుందని అడగలేదు. నాలిక దురద పెట్టింది.
గళ్లకేసి చూడకుండా ఏటిని చూద్దామనుకున్నాను.
మెడ ఒప్పుకోలేదు.

అవతల ఇసకతిప్ప పక్కన
అసిరప్పడు వల విసురుతున్నాడు.
ముప్పయ్యేళ్లుగా వాడితో నాదొకటే మాట,
ఒడ్డు మీంచి కేకేసి:
"ఏరొస్తంది, పైకి రా!"
వచ్చేవాడు కాదు. తిట్టేవాణ్ణి.
చివరికి వచ్చేవాడు,
బుట్టలో చేపలు నా కంట పడనీకుండా.

ఇవాళ వాడే తలెత్తాడు.
నా చేతిలో రిజిస్టరు లేదని చూసాడు,
భుజం మీద తువ్వాలుందని చూసాడు.
అది మా వరహాలమ్మ వేసింది.
"ముసిలోళ్లకి ఈతలేటి" అని సణుగుతూనే
తలకి నూనె కూడా అంటింది.
"నడుం దాకే ఉంది, బావూ. లోనికి రా."

చొక్కా విప్పి మడత పెట్టాను.
వాచీ తీసి దాని జేబులో పెట్టాను.
మొదటి మెట్టు పాచి. రెండోది విరిగింది.
మూడోదాని కింద మెట్టు లేదు, ఇసక,
అదీ అరికాళ్ల కింద కదిలిపోతోంది.
ఏ పేజీలోనూ నేను రాయని సంగతి:
ఏటి అడుగు కూడా నడుస్తుందని.

మోకాళ్లు దాటింది చల్లదనం.
ఎంతొచ్చిందోనని అలవాటుకొద్దీ వంగాను.
నా మీద గళ్లు లేవు.

"కిందకి సూడకు," అన్నాడు అసిరప్పడు.
"ఎల్లకిలా తొంగో. నాను పడతాను."
నడుం కింద వాడి అరచెయ్యి,
వలతాడంత గరుకు.

చెవుల్లోకి నీళ్లెళ్లాయి.
వంతెన మీది బస్సు హారను
ఎవరిదో అయిపోయింది.
అంతలో వాడు చెయ్యి తీసేసినట్టున్నాడు.
ఒక గుక్క మింగాను.
బురద రుచి. బహుశా
మొన్నటి రాయగడ వాన.