అరకిలో

కుయోపియోలో జనవరి. మూడున్నరకే చీకటి.
క్లబ్బు నేలమాళిగలో, కాఫీ ఫ్లాస్కు పక్కన
నా ఎయిర్ పిస్టల్ విప్పి పరిచాడు కౌకో,
చేప ముళ్లు తీసినంత నెమ్మదిగా.

పోయిన నెల యువాస్కులాలో
నా ఆఖరి గుండు ఎనిమిదిలో పడింది.
తప్పు ట్రిగ్గరుదే అన్నాను.
అతనేమీ అనలేదు, స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు.

మూడు ట్రిగ్గర్లు తెచ్చుకున్నాను.
వంపుదొకటి, చదునుదొకటి,
మెరుగు పెట్టిన ఎర్రది ఒకటి.
"కళ్లు మూసుకుని పట్టుకో, సైమీ."
పట్టుకున్నాను. ఎర్రది ఓడిపోయింది.

ఇక మరమేకు.
పావు చుట్టు బిగిస్తే మొరాయిస్తుంది.
పావు చుట్టు వదిలితే అనుకోకముందే పేలుతుంది.
పెళ్లయిన కొత్తలో నేనూ అంతే.

ముందు కొంచెం ఊరికే వస్తుంది వేలి వెంట,
తర్వాత ఒక గోడ.
దానికి ఆనుకుని ఆగడమే ఆటంతా.
"గోడ అవతల ఏముంది?"
"నీకు తెలియకూడదు. తెలిస్తే అదురుతావు."

చివర్న ట్రిగ్గరుకి ఇనుప దిమ్మె తగిలించాం, అరకిలోది.
పోటీలో అందరి ముందూ ఇలాగే ఎత్తి చూస్తారు.
ఎత్తాను.
టిక్కుమంది. దిమ్మె బల్ల మీదే కూర్చుంది.
కౌకో నవ్వలేదు. వణికే వేళ్లతోనే
మరమేకుని వెంట్రుకవాసి తిప్పాడు.
రెండోసారి బల్ల విడిచింది ఇనుము,
గాల్లో కాస్త ఊగింది.

ఇంటికెళ్లే బస్సులో, ఉన్ని తొడుగు లోపల
చూపుడు వేలు ఒక్కటే
లేని గోడని తాకి, తాకి
ఆగుతోంది.