పీతగోరు సెంటర్

ఎండ ముదరక ముందే బయల్దేరాం,
భీమవరంలో ఎనిమిది దాటితే గోడలకీ చెమట పడుతుంది.
నా చేతిలో మడతల దగ్గర చిరిగిన పాత మునిసిపల్ ప్లాను.
ఏసుపాదం చేతిలో ఏమీ లేదు.
డెబ్బై ఆరేళ్ళు, చిటికెన వేలు సగం.
మిగతా సగం కొత్త వాటర్ ట్యాంకు ఆరో స్తంభంలో ఉందంటాడు,
అది కొత్తదై యాభై ఏళ్ళు.

ప్లానులో మాటలు నేను చదువుతుంటే
తన మాటలు తను చెబుతాడు.
లైబ్రరీకి ఎండ తగలకుండా నిలువునా పోసిన పలకలు
"రెప్పలు."
మార్కెట్ యార్డు మీద మడతలు మడతల కప్పు
"విసనకర్ర."
టెలిఫోను ఆఫీసు మెట్ల పక్కన కన్నాల గోడ
"జల్లెడండి. గాలిని జల్లించి
పొట్టు బయటే వదిలేస్తది.
రోజుకి నలభై బిళ్ళలు పోసేవోళ్ళం,
పగిలినవి మా ఆవిడ తెచ్చి పొయ్యి పేర్చుకుంది."

సినిమా హాలు ఇప్పుడు ఎరువుల గోడౌను.
తాళం తీసిన కుర్రాడు టార్చి వేశాడు.
బస్తాల సందుల్లో మొజాయిక్ నేల,
ఆకుపచ్చ, పసుపు, నలుపు
మెలికలు తిరుగుతూ టికెట్ల కిటికీ దాకా.
ఏసుపాదం గొంతుక్కూర్చుని అరచేత్తో తుడిచాడు.
ఒకచోట మెరిసింది రాయి కాదు, ఆల్చిప్ప.
"పేరుపాలెం ఒడ్డున ఏరి జేబులో తెచ్చా.
మేస్త్రికి తెలీదు."
"ఇన్నాళ్ళూ దీనిమీదే బస్తాలేశామా!" అన్నాడు కుర్రాడు,
మళ్ళీ బస్తా వేశాడు.
ఎక్కడో ఒకచోట వెయ్యాలి కదా.

బస్టాండు గోడకి పింగాణీ పెంకుల బొమ్మ,
ఊడ్పుల్లో వంగిన ఆడవాళ్ళు,
ఒక్కదానికీ ముక్కూ కళ్ళూ పెట్టలేదు.
దానిమీద కోచింగ్ సెంటర్ పోస్టరు,
ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలు
సరిగ్గా వాళ్ళ భుజాల మీదే కుదిరాయి.
నేను నవ్వాను.
ఏసుపాదం ఒక మూల గోరుతో గీకి
"పెంకు గట్టిగానే ఉంది" అన్నాడు.

వంతెన దిగేచోట, కాలవని ఆనుకుని
మూడు వంకర ఉక్కు రేకులు,
నేలమీద దేన్నో అందుకోబోయి ఆగినట్టు.
ప్లానులో దాని పేరు 'ప్రగతి'.
ఆ పేరు ప్లానులోనే ఉంది.
షేరాటో వాళ్ళకది పీతగోరు సెంటర్,
పక్కనున్న మందుల షాపు బోర్డు మీదా అదే.

ఏసుపాదం బీడీ ముట్టించాడు.
"ఓ మాట చెప్తానండి, రాసుకోకండి.
బొమ్మ లారీలో వచ్చింది. కాయితం వానకి తడిసిపోయింది.
పొద్దున్నే కలెక్టరు గారన్నారు.
పెట్రోమాక్సు లైటు కింద
మాకు తోచినట్టు నిలబెట్టేశాం.
తలకిందులని, చేసినాయన వచ్చాక చెప్పాడు.
అప్పటికి సిమెంటు బిగిసిపోయింది.
ఆయన రెండు చుట్లు తిరిగి చూసి
టీ తాగి వెళ్ళిపోయాడు."

మెడ వంచి చూశాను, కుదరలేదు.
గట్టు దిగి, గుర్రపుడెక్క పక్కకి తోసి
నీళ్ళలోకి చూశాను.
అక్కడ సరిగ్గా ఉంది,
మూడో ఆకు వేసిన నారుమొక్కలా
పైకి విచ్చుకుంటూ.

"మరి వేసవిలో కాలవ కట్టేస్తే?"
"అప్పుడు పీతగోరేనండి" అన్నాడు,
బీడీ నలిపేసి
వచ్చే ఆటోకి చెయ్యెత్తుతూ.