వేడిని ఎక్కడ పెట్టను

పెరంబూరులో మా సామాన్ల గదిలో
ఒక నల్ల డేరా ఉంది.
నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు,
లోపలంతా వెండిరేకు.
జిప్పు తీస్తే గదికి తెల్లారుతుంది.

లెట్యూస్ వేశాను. మూడు డజన్ల మొక్కలు.
అయనావరంలో జోనాథన్ శాండ్‌విచ్ కొట్టుకి
వారానికి రెండు సంచులిస్తానని మాట.
చలిదేశపు ఆకు.
ముప్పై దాటితే ముఖం ముడుచుకుంటుంది.

మే నెల. ఇక్కడివాళ్ళు కత్తిరి అంటారు.
మా అమ్మమ్మ రోహిణి కార్తె అనేది,
రోళ్ళు పగులుతాయనేది.
మాకు రోలు లేదు. మిక్సీ మూత పగిలింది.
డేరాలో ముల్లు ముప్పై తొమ్మిది.

"ఎల్ఈడీ కదా సార్, చల్లగా ఉంటది"
అన్నాడు అమ్మినవాడు,
రిచీ స్ట్రీట్ మెట్ల కింద టీ ఊదుకుంటూ.
నిజమే, పాత సోడియం దీపం పక్కన పెడితే.
రెండు వందల నలభై వాట్లు.
ఆకు తిన్నది పిడికెడు.
కరెంటు ఏ వేషంలో లోపలికొచ్చినా
చివరికి వేషం తీసేసి
వేడిగానే కూర్చుంటుంది.

మొదట ఐసు సీసాలు పెట్టాను.
గంటలో అవి చెమటపట్టి, కరిగి,
డేరా నిండా మెరీనా ఉక్క.
ఆకుల అంచులు కాలిన కాగితాలయ్యాయి.
నడిమి మొక్క మెడ సాచి పూతకొచ్చింది.
చిదిమి నోట్లో వేసుకుంటే కాకరకాయ.
వైదేహి వంగి చూసింది.
"భయపడిందిలే పాపం,
పోయేలోపు నాలుగు గింజలైనా వేసి పోదామనుకుంది" అంది.
తను ఐసీయూలో నర్సు.
ఇలాంటివి అన్నం కలుపుకుంటూ కూడా అనగలదు.

ఆ ఆదివారం డేరా ముందు బాసింపట్టు వేసుకు కూర్చున్నాను.
దీపం నెత్తిన ఒక డబ్బా, దాని పేరు డ్రైవరు,
చెయ్యి ఆనిస్తే ఇస్త్రీపెట్టె.
మరలు విప్పి, తీగ సాగదీసి
బయటి గోడకి బిగించాను.
రెండు డిగ్రీలు దాని వెంటే బయటికి నడిచాయి.
దీపాన్ని జానెడు పైకి లాగి
వెలుగుని అరవైకి తగ్గించాను.
పై మూలన పంకా, దానికో గొట్టం,
కింద గాలికి చిల్లు.

గొట్టం హాల్లోకి వదిలితే
బావమరిది నీలాద్రి, బ్యాంకు పరీక్షకి చదువుతున్నవాడు,
పుస్తకం మూసి నా వంక చూశాడు.
వేడి చావదు. గది మారుతుంది, అంతే.
కిటికీలోంచి వదిలితే
పక్క బాల్కనీలో తంగమణి అక్క
"ఎన్న తంబీ, ఇది కూడా మాకేనా?"
ఇంకెక్కడ పెట్టను?

చివరికి పగటినే తిప్పేశాను.
రాత్రి తొమ్మిదికి మొక్కలకి సూర్యోదయం.
సముద్రపుగాలి వ్యాసర్‌పాడి దాటి
మా వీధి మలుపు తిరిగే వేళకి
డేరాలో మిట్టమధ్యాహ్నం.
పొద్దున ఆరింటికి, పాలప్యాకెట్లు పడే చప్పుడుకి, చీకటి.
అదే చీకట్లోకి వైదేహి డ్యూటీ దిగి వస్తుంది,
కర్టెన్లు లాగి, ముఖాన చున్నీ కప్పుకుని పడుకుంటుంది.
చప్పుడు కాకుండా తలుపు దగ్గరేసి
నేనొక్కణ్ణే పాత సూర్యుడి కింద బస్సెక్కుతాను.

ముల్లు ముప్పై రెండు దగ్గర ఆగింది.
అంతకంటే దిగలేదు.
లెట్యూస్‌కి అదీ ఎక్కువే.
కానీ సర్దుకుంది.
ఈ ఊళ్ళో సర్దుకోనిదెవరు.
జోనాథన్‌కి రెండు సంచులు కాదు, ఒకటిన్నర.

నవంబరులో వాన పట్టుకుంది.
నాలుగు రోజులు బట్టలు ఆరక
ఇల్లంతా ముక్కవాసన.
తంగమణి అక్క గోడ మీంచి తల పెట్టి,
కాస్త మొహమాటంగా,
"తంబీ, మీ వేడి ఇంకా వస్తోందా?"

ఆ రాత్రి గొట్టం ఎదుట
చిన్నపిల్ల తెల్ల యూనిఫాం చొక్కా ఒకటి
చేతులు చాచి ఊగుతూ ఉంది.
లోపలికెళ్ళి దీపాన్ని డెబ్బైకి పెంచాను.
మొక్కలకి అక్కర్లేదు.