పెనం మీద బొట్టు

ఖరీదైన డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు
కడలి వాళ్ళ కుర్రాడు.
పల్చటి నూనె, కొత్త రకం, మూత తీస్తే తేనె రంగు.
"ఇదే మంచిదంట పిన్నీ."
మంచిది కాదని నేనెందుకంటాను?
ఎవరికి మంచిది, అన్నాను.

అత్తిలి రైలు గేటు పక్కన ఆగి ఉంది బండి.
వాళ్ళ తాత కొన్నప్పుడు ఎరుపు,
ఇప్పుడు ఏ రంగని చెప్పను.
రోజుకి ఎంత తాగుతోంది?
పొగ నీలమా, నలుపా?
రాత్రి నిలబెట్టిన చోట
పొద్దున్నే మచ్చ అరచేయంతా, పళ్ళెమంతా?
వాడు దేనికీ జవాబు చెప్పలేదు,
నెత్తి గోక్కున్నాడు.

అరిగిన ఇంజను నాయనా,
సందులు పెద్దవైపోతాయి,
పల్చటి నూనె జల్లెట్లో నీళ్ళే.
నలభై నంబరు పోయాలి, చిక్కటిది,
ఇనుముకీ ఇనుముకీ నడుమ
ఎండాకాలం కూడా లేచిపోకుండా కూర్చునేది.
గేరుపెట్టె సంగతి వేరు.
లోపల ఇత్తడి బుష్షులుంటాయి.
ఘాటు మందు కలిపిన కొత్త గేరాయిలు వాటిని
పుల్లమజ్జిగ రాగిచెంబుని తిన్నట్టు తింటుంది.

మా అత్తారిది గానుగ.
నువ్వుల నూనెలో తడి ఉందో లేదో
కాలిన పెనం మీద ఒక్క బొట్టు వేసి
చెవితో చూసేవాడు మా మామ.
ఎద్దు పోయింది, తర్వాత గానుగ పోయింది,
తర్వాత ఆయన.
పెనం ఉంది.

సార్వా దమ్ముల్లో ఇనపచక్రాలు కట్టి
ఇరుసు మునిగేదాకా బురదలో తిప్పుతారు,
బండి నీళ్ళు తాగకుండా ఉంటుందా?
నూనె టీ రంగుకి తిరిగాక ఎవరికైనా తెలుస్తుంది.
తిరగకముందే తెలియాలంటే పెనం కావాలి.
చిటపటమందా, సీలు పోయింది.
గమ్మున పొగై పోయిందా, ఈ కారుకి ఫరవాలేదు.

ఇంకో బొట్టు పేపరు మీద వేస్తాను.
తెల్లారేసరికి నడుమ నలుపు, చుట్టూ గోధుమరంగు.
కత్తిరించి, బండి పేరూ తేదీ వేసి
ఖాతా పుస్తకంలో అంటిస్తాను.
డబ్బు బాకీలు ఇంకో పుస్తకంలో ఉంటాయి.

మంచిలి గుబ్బల ఏడుకొండలు బండికి
కడిగే గుణమున్న నూనె నేనే ఇచ్చాను.
డబ్బాకి నాకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగిలేది,
ఆ మాట కూడా చెప్పాలి.
ముప్ఫై ఏళ్ళుగా గోడలకంటుకుని
దాని పాటికి అది పడున్న మడ్డి
ఒక్కసారిగా ఊడొచ్చి నూనె దారి మూసేసింది.
నడిచేలో పట్టేసింది ఇంజను.
గట్టు మీద నారు కట్టలు,
కొంగులు దోపుకుని ఇరవై ముగ్గురు ఊడ్పు మనుషులు,
కాలవ వంతు ఆ సాయంత్రం దాకానే.
ఏడుకొండలు నన్ను ఒక్క మాట అనలేదు.
నా కొట్టు ముందు నుంచే సైకిలు తొక్కుకుంటూ
తణుకు వెళ్ళి కొనుక్కునేవాడు,
వెళ్ళేటప్పుడు బాగున్నావామ్మా అని అడిగి మరీ.

"మరి ఈ డబ్బా?" అన్నాడు కుర్రాడు.
మీ బాబాయి కొత్త బండికి పొయ్యి,
దానికి అమృతం.
నలభై నంబరు కొలిచి ఇచ్చాను.
వారం రోజులు పొద్దున్నే కడ్డీ తీసి చూడు,
రంగు మారినా, వాసన మారినా
సిగ్గుపడకుండా సీసాలో పట్టుకురా.

మూడోసారికి అందుకుంది బండి.
గేటు మీదుగా నీలం పొగ,
పాసింజరు కోసం ఆగినవాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

వాడి బండికి కొత్త పేజీ తీశాను.
వెనక పేజీ ఏడుకొండలిది.
జూన్ బొట్టు ఉంది, జులై లేదు.
ఆ జూన్ నూనే కాగితంలోంచి ఇటువైపు ఇంకి
సరిగ్గా పేరు రాయాల్సిన చోట
గుండ్రంగా తేలింది.
నూనె మీద పెన్ను సాగదు.
రెండు మూడుసార్లు గీకి చూసి
కాస్త కిందికి రాసుకున్నాను.